మేమందరం ఏడ్చిన ఆపరేషన్

మొన్న బ్రాడీపేటలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. మత్తు డాక్టరుగా కొత్తగా ఉద్యోగంలో చేరబోతోందట. "మేడమ్, మీ రోజుల్లో ఏ మెషీన్లు ఉండేవి?" అని అడిగింది. మెషీనా! రోగి ముక్కు మీద పెట్టడానికి ఒక తీగ చట్రం, దాని మీద నాలుగు మడతల పల్చటి గుడ్డ, మత్తుకి ఒక ఈథరు సీసా, రోగి నాడి మీద నా వేళ్లు. అంతే నా మెషీను అన్నాను. ఆ పిల్ల నవ్వింది గానీ నమ్మలేదు.

ఆమె వెళ్లాక కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ప్రమోషన్ల సంగతీ బదిలీల సంగతీ రాయను. అవి ఎవరికి కావాలి? నాకు పని నేర్పిన ఒక్క వేసవి గురించి రాస్తాను. యాభై ఏడులో ఫ్లూ జ్వరం మద్రాసు వైపు నుంచి రైలెక్కి మా దాకా వచ్చిన వేసవి అది.

తల దగ్గర స్టూలు

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక ఊళ్లో సర్కారు ఆసుపత్రి మాది. ఊరి పేరు రాయను. జనం దాన్ని ధర్మాసుపత్రి అనేవాళ్లు. ఊరికి ఒక పక్క పత్తి మిల్లులు, ఇంకో పక్క మిరపకాయల కొట్లు. మిరప వచ్చే కాలంలో బయటి ఊరి నుంచి ఎవరైనా బస్సు దిగితే ముందు తుమ్మేవాళ్లు, తర్వాత దారి అడిగేవాళ్లు. మాకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. మా చీరలకీ, మా దిళ్లకీ, ఆఖరికి మా దేవుడి గదికీ అదే వాసన. అలవాటైన ముక్కుకి అది వాసనే కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నాకు సర్జరీ చెయ్యాలని ఉండేది. చేరిన రోజే మా సర్జను డాక్టర్ శేషాచలం గారు నన్ను ఎగాదిగా చూసి, "ఆడపిల్లవి, కత్తి ఎందుకమ్మా నీకు? తల దగ్గర కూర్చో, మత్తు ఇవ్వు" అన్నారు. ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు ఆ స్టూలు మీదే కూర్చున్నాను. ఆయన అన్న మాట తప్పే గానీ, ఆ చోటు మాత్రం నాకు మంచి చోటే. సర్జనుకి కనిపించేది రోగి పొట్ట. నాకు కనిపించేది మొహం.

శేషాచలం గారు ఎలాంటి మనిషో చెప్పాలి. చెయ్యి బంగారం, నోరు నిప్పు. ఫోర్సెప్స్ అందించడం ఆలస్యమైతే గిరాటేసేవారు. వార్డులో దుప్పటి మడత సరిగా లేకపోతే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ. జనం ఆయన పేరు చెబితే దణ్ణం పెట్టేవాళ్లు గానీ దగ్గరికి రావడానికి జంకేవాళ్లు. ఆ జంకు వల్ల ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని నా అభిప్రాయం. ఆయన బతికున్నప్పుడు ఈ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

హనుమంతు

ఫ్లూ వచ్చిన కొత్తలో మేము దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఒళ్లు నొప్పులు, జ్వరం, దగ్గు, మళ్లీ లేచి తిరగడం. చూస్తుండగానే వార్డులు నిండిపోయాయి. సర్జరీ వార్డు మంచాలు కూడా జ్వరాలకే ఇచ్చేశారు. అవీ చాలక ఆవరణలో తాటాకు పాకలు వేసి, పిడుగురాళ్ల నుంచి బండ్ల మీద సున్నం తెప్పించి చుట్టూ చల్లించారు. నర్సుల్లో సగం మంది పడకేశారు. ఆగగల ఆపరేషన్లన్నీ ఆపేశారు. ఆగలేనివి మాత్రం ఫ్లూ ఉందని ఆగవు గదా. ఎద్దు పొడిచినవాడూ, పేగు మెలికపడ్డవాడూ, కాన్పు కష్టమైన తల్లీ ఎప్పటిలాగే వస్తూనే ఉన్నారు.

అలా వచ్చినవాడు హనుమంతు. పత్తి పండించే కుటుంబం, కొత్తగా పెళ్లయిన పిల్లవాడు. అపెండిక్స్ పగిలేలా ఉంది. జ్వరం, దగ్గు కూడా ఉన్నాయి. "దగ్గుతున్నాడు సార్" అన్నాను. "దగ్గు ఆగుతుంది, పొట్ట ఆగదు. ఈథరు ఇవ్వమ్మా" అన్నారు శేషాచలం గారు. ఇచ్చాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. కుట్లు చూస్తే ముచ్చటేసింది. కానీ ఫ్లూతో ఎర్రబడి ఉన్న ఊపిరితిత్తులకి ఈథరు ఘాటు తగిలితే ఏమవుతుందో అప్పటికి మాలో ఎవరికీ అనుభవం లేదు. రెండు ఊపిరితిత్తులూ నిండిపోయి, తండ్రి ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

మర్నాడు శేషాచలం గారు థియేటరు వాళ్లందర్నీ పిలిచారు. అరుస్తారనుకున్నాం. చాలా మెల్లగా మాట్లాడారు. "పిల్లవాడి పొట్ట బాగుచేశాను, ఊపిరి పోగొట్టాను. ఈథరు ఇమ్మన్నది నేను, ఈ అమ్మాయి కాదు. ఈ జ్వరాలు తగ్గేదాకా దగ్గుతో వచ్చినవాళ్లకి ఈథరు లేదు. వెన్నులో సూది, లేకపోతే కోసేచోట మొద్దుబార్చే మందు. థియేటరులో గాలి పీల్చే ప్రతివాళ్లకీ మాస్కు. దగ్గే స్టాఫు లోపలికి రాకూడదు, నేనైనా సరే" అన్నారు.

తన తప్పు పదిమంది ముందు ఒప్పుకున్న పెద్ద డాక్టర్లని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు నుంచి ఆయన అరుపులు నాకు అంత చేదుగా అనిపించలేదు.

తెల్లగుడ్డ మూట

మాస్కులంటే చెప్పినంత సులువు కాదు. అంతకుముందు సర్జనూ, చేతికి సామాను అందించే సిస్టరూ మాత్రమే కట్టుకునేవారు. ఇప్పుడు తోటీ దగ్గర్నుంచి అందరికీ కావాలి. ఉన్న పల్చటి గుడ్డంతా కట్లకే చాలడం లేదు. మా థియేటరు సిస్టరు రూతమ్మ గారు పాత చీరలు కూడా అడగడం మొదలుపెట్టారు. ఆవిడ గట్టి మనిషి. శేషాచలం గారు అరిస్తే, "అయిపోయిందా అండీ? ఇక చెయ్యి చాపండి, గ్లౌజు తొడుగుతా" అనేవారు.

ఊళ్లో కారం మిల్లు షావుకారు ఒకాయన ఉండేవాడు. శేషాచలం గారి చేతిలో బతికి బయటపడ్డవాడే. సంగతి విని ఒక మూట పంపించాడు. చీరాలలో నేసిన పల్చటి తెల్లగుడ్డ. కారం జల్లించడానికని కొని మిల్లు అటక మీద పెట్టించాడట, ఒక్కసారి కూడా వాడలేదు. మడత విప్పని కొత్త గుడ్డ. రూతమ్మ గారు మురిసిపోయారు. నేనూ ముట్టుకుని చూశాను. వాసన చూశాను కూడా. మామూలుగానే ఉంది. అంటే మా ఊరు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

కొత్త గుడ్డ గదా, ఉతకడం దేనికి, ఆవిరి డ్రమ్ములో పెడితే చావని పురుగు లేదు గదా అనుకున్నాం. అందరమూ చదువుకున్నవాళ్లమే, అందరమూ సరేనన్నాం. గుడ్డ చించి, నాడాలు కుట్టి, మాస్కులన్నీ డ్రమ్ముకెక్కించారు. ఏడాది పొడుగునా కారం మిల్లు అటక మీద ఉన్న గుడ్డ అది. ఆవిరికి పురుగు చస్తుంది గానీ కారం చావదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

కోటమ్మ

పాకల్లో ఆడవాళ్లని చూసే పని నాకు అప్పగించారు. అక్కడ నాకు దొరికింది కోటమ్మ. మిరపకొట్లో ముచ్చికలు తీసే పని. అంటే ఎండుకాయకి తొడిమ గిల్లి పారెయ్యడం. వాంతులు, ఒళ్లు వెచ్చన, దగ్గు. గేటు దగ్గర చూసినవాళ్లు ఫ్లూ అని పాకలోకి పంపేశారు. మిరపకొట్లో పనిచేసేవాళ్లకి ఏడాదంతా దగ్గే. ఆ సంగతి గేటు దగ్గర గుర్తుచేసేవాళ్లెవరు?

"వాంతి ఎప్పట్నుంచి?" అన్నాను. "నిన్నట్నించమ్మా. పొట్ట మెలిపెడతంది" అంది. చెయ్యి వేస్తే పొట్ట ఉబ్బి ఉంది. చీర ముడి వదులు చెయ్యమంటే గట్టిగా పట్టుకుంది. "అక్కడేం లేదులే డాక్టరమ్మా" అంది. "నేనూ ఆడదాన్నేగా, చూడనీ" అన్నాను. చాలాసేపు బతిమాలితే వదిలింది. గజ్జలో నిమ్మకాయంత గడ్డ, ముట్టుకుంటే ప్రాణం పోతోంది. పేగు అక్కడ బయటికి జారి బిగుసుకుపోయింది. "ఇది ఎన్నాళ్లుగా ఉంది?" అంటే, "మా పిల్ల పుట్టినప్పట్నించీ. ఎట్టా చెప్పేదమ్మా, సిగ్గు గాదూ" అంది.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. చీర ముడి కింద చూడకుండా పొట్ట చూశానని ఎప్పుడూ అనకండి. రెండో మాట, ఊళ్లో ఒక జబ్బు చెలరేగినప్పుడు ప్రతి జబ్బుకీ దాని పేరే పెట్టేస్తాం. ఫ్లూతో పోయినవాళ్ల గురించి బాధ ఉంది. ఫ్లూ అనుకుని మేము పక్కన పెట్టేస్తే పోయినవాళ్ల విషయంలో నాకు కోపం ఉంది, అది ఇప్పటికీ పోలేదు.

శేషాచలం గారు చూసి, "ఇప్పుడే" అన్నారు. ఛాతీలో గురగుర ఉంది కాబట్టి ఈథరు లేదు. వాంతులతో నీరంతా పోయి నాడి సన్నగా ఉంది కాబట్టి వెన్నులో సూది కూడా వద్దన్నాను. ఈసారి ఆయన నా మాటకి ఎదురు చెప్పలేదు. కోసేచోట మొద్దుబార్చి, మనిషి మెలకువగా ఉండగానే చెయ్యాలి. పేగు ఇంకా బతికి ఉంటే లోపలికి తోసి కుట్టెయ్యొచ్చు. చచ్చి ఉంటే కోసి అతకాలి. మత్తు లేకుండా అంత పని ఆమె తట్టుకోలేదు, మత్తు ఇస్తే హనుమంతు గతే. ఈ లెక్క మా ఇద్దరికీ తెలుసు, పైకి ఎవరమూ అనలేదు.

"కోటమ్మా, దగ్గకూడదు, ఏడవకూడదు, ముక్కకూడదు. నువ్వు బిగబడితే లోపలి పేగు కూడా బయటికొస్తుంది. నా మొహం చూస్తూ కబుర్లు చెప్పు" అన్నాను. "కబుర్లకేం తక్కువమ్మా" అంది.

మూతిగుడ్డలు

కొత్త డ్రమ్ము విప్పారు. వెచ్చటి మాస్కులు అందరం కట్టుకున్నాం. కొంచెం ఘాటు తగిలింది. కోటమ్మ జుట్టులోంచి వస్తోందనుకున్నాను. మధ్యాహ్నం ఎండ, తలుపులన్నీ వేసి ఉన్నాయి, ఫ్యాను ఆపేశారు. శేషాచలం గారు గడ్డ మీద కోసి, పేగుని బిగించిన కండని వదులు చేశారు. పేగు బయటపడింది. నేరేడుపండు రంగులో ఉంది. వేడి సెలైనులో తడిపిన గుడ్డలు కప్పి, బతికున్న పేగు ఎరుపు తిరిగొస్తుందేమోనని చూస్తున్నారు. ఆ గుడ్డలు పాత డ్రమ్ములోవి. ఆ దేవుడు అంతవరకు మమ్మల్ని కనికరించాడు.

ఆ లోగా మాస్కులు చెమటకి తడిశాయి. ముందు నా పై పెదవి చురుక్కుమంది. తర్వాత ముక్కుపుటాలు, తర్వాత కళ్లు. పెదవి నాలుకతో తడుముకున్నాను. కారం! తలెత్తి చూస్తే రూతమ్మ గారి కళ్లు చింతనిప్పులయ్యాయి. శేషాచలం గారు తల పక్కకి తిప్పి తుమ్మారు. ఒకటి కాదు, వరసగా. ఒళ్లంతా అదిరింది గానీ పేగు పట్టుకున్న చేతులు మాత్రం కదల్లేదు. మాస్కు తీసేస్తే తెరిచి ఉన్న పొట్టలోకి తుమ్మాలి. మార్చుకుందామంటే మాస్కులన్నీ ఆ డ్రమ్ములోవే. అందరి కళ్లవెంటా నీళ్లు ధారలు కడుతున్నాయి.

కోటమ్మ నా మొహం చూసింది. అటు తిరిగి సర్జను మొహం చూసింది.

"అమ్మా, నేను పోతన్నానా?"

"లేదే!"

"అబద్ధం చెప్పమాక. మీరందరూ ఏడుస్తన్నారు. ఆ పెద్దాయన గూడా ఏడుస్తన్నాడు. ఆయన ఏడుస్తన్నాడంటే నా పని అయిపోయినట్టే." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా ఆయన మళ్లీ చేసుకుంటాడు, చేసుకోనీ. మా వీధి చివర సామ్రాజ్యం ఉంది చూడు, దాన్ని మాత్రం చేసుకోవద్దని చెప్పు. దానికి పిల్లలంటే పడదు. నా పిల్ల ఇంకా అన్నం కలుపుకోవటం గూడా రాని పిల్లమ్మా..."

ఆమె ఛాతీ ఎగిసిపడటం మొదలైంది. "బిగబడుతోంది, బిగబడుతోంది!" అని అవతల్నుంచి శేషాచలం గారు అరిచారు. ఆమె ఏడిస్తే పేగు తన్నుకొస్తుంది. నేను ఒట్టేసి చెప్పినా నమ్మేలా లేదు. ఇంకేం తోచక వంగి, నా మాస్కు అంచు ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"వాసన చూడు. ఏడుపు కాదే తల్లీ, కారం! మాస్కుల గుడ్డ కారం మిల్లుది!"

కోటమ్మ వాసన చూసింది. మళ్లీ చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"ఏందీ, ఈ మాత్రం దానికా?" అంది. "ఇంత ఘాటులోనే మేం అన్నాలు తింటాం. నేనింకా పోయాననుకున్నా గదమ్మా!" పొట్ట కదిలేలా నవ్వు తన్నుకొస్తోంది.

"నవ్వించకమ్మా దాన్ని!" అని ఇంకో అరుపు.

"నవ్వనులే అయ్యా. మీరు తుమ్ముకోండి, నేను కదలను" అని కళ్లు మూసుకుంది కోటమ్మ. నిజంగానే కదల్లేదు. థియేటరు మొత్తం దగ్గుతూ తుమ్ముతూ ఊగిపోతుంటే, మిరపకొట్టు నుంచి వచ్చిన ఆ ఒక్క మనిషే ప్రశాంతంగా పడుకుంది.

గుడ్డ ఎత్తి చూశారు. మళ్లీ కప్పారు. మళ్లీ ఎత్తారు. "సిస్టర్, నా కళ్లకేం కనబడటం లేదు, రంగు చెప్పండి" అన్నారు శేషాచలం గారు. రూతమ్మ గారు తడి కళ్లు చికిలించి వంగి చూశారు. "ఎర్రబడుతోందండీ. ఎర్రబడింది. ప్రభువా, పేగు కదులుతోందండీ!" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కుట్లు పూర్తయ్యాక మాస్కులు పీకి పారేసి, నేనూ రూతమ్మ గారూ కుళాయి దగ్గరికి పరుగెత్తాం. మొహాలు కడుక్కుంటూ ఒకరినొకరు చూసుకుని నవ్వాం. హనుమంతు పోయాక మేము నవ్వడం అదే మొదలు.

ఏడ్చే డాక్టరు

జ్వరాలు తగ్గాయి, పాకలు పీకేశారు. ఆ తర్వాత ఓపీలో ఒక వింత మొదలైంది. మిరపకొట్ల నుంచి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. గజ్జల్లో గడ్డలు, ఎన్నాళ్లుగానో దాచుకున్న నొప్పులు, కాన్పుల నాటి బాధలు. ముదరకముందే వస్తున్నారు. వచ్చి, "ఏడ్చే డాక్టరు గారు ఎవరమ్మా?" అని అడుగుతున్నారు. శేషాచలం గారి చెవిన పడింది. "ఎవడే వాడు ఏడ్చే డాక్టరు?" అని వరండా అంతా దద్దరిల్లేలా అరిచారు. ఆ వచ్చినవాళ్లు జంకలేదు, పైగా ముసిముసిగా నవ్వారు.

కోటమ్మ కుట్టు చూపించుకోవడానికి వచ్చినప్పుడు పట్టుకున్నాను.

"ఏమే, మేము నీకోసం ఏడ్చామని ఊరంతా చెప్పావట. కారం సంగతి నీకు తెలుసుగా?"

"తెలుసమ్మా. కారానికి ఏడ్చారంటే ధర్మాసుపత్రికి ఎవరొస్తారు? నాకోసం ఏడ్చారంటే వస్తారు" అంది.

"మరి సామ్రాజ్యం సంగతి మీ ఆయనకి చెప్పేదా?"

"అమ్మో! నీకు దణ్ణం పెడతా, ఆ మాట ఎత్తమాక" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనే ఆమె కూతురు, తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నవ్వడం అయ్యాక కోటమ్మ మొహం మారింది.

"అయినా నేను చెప్పింది అబద్ధం గాదమ్మా. మూతిగుడ్డ ఇప్పేసి నువ్వూ సిస్టరమ్మా బయటికి పోయారు. పెద్దాయన లోపలే బేసిన్లో మొహం కడుక్కున్నాడు, శుభ్రంగా తుడుచుకున్నాడు. నా పక్కకొచ్చి నిలబడి, నా నెత్తి మీద చెయ్యేసి, 'నువ్వన్నా బతికావమ్మా' అన్నాడు. అప్పుడు గూడా కళ్లెమ్మట కారతానే ఉండయ్యి. నువ్వు చూళ్లేదు, నేను చూశా. అది గూడా కారమేనంటావా?"

'నువ్వన్నా' అన్న మాట ఎందుకు వచ్చిందో కోటమ్మకి తెలియదు. నాకు తెలుసు.

ఆ సాయంత్రం రౌండ్లలో శేషాచలం గారు ఎప్పటిలాగే అందరి మీదా అరుస్తున్నారు. దుప్పటి మడత బాగాలేదని ఒకరి మీద, నీళ్ల కుండ మీద మూత లేదని ఇంకొకరి మీద. నేను ఆయన్నే చూస్తూ నిలబడిపోయాను. "ఏమ్మా, ఏం చూస్తున్నావ్, పని లేదా?" అని నా మీద కూడా అరిచారు. ఉందండీ అని నా స్టూలు వెతుక్కుంటూ వెళ్లాను.